అదెతొకున్బొ: ఒక యోరుబా ఇంటిపేరు, దాని అర్థం, అది నడిచిన దారి

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. మా అబ్బాయికి బాస్కెట్‌బాల్ పిచ్చి. మిల్వాకీ బక్స్ జట్టులో పేరు తెచ్చుకున్న యానిస్ చొక్కా వెనక ఉన్న ఇంటిపేరును వాడు 'ఆంటెటోకౌంపో' అని చదువుతాడు. యానిస్ గ్రీసు దేశస్థుడంటారు, తల్లిదండ్రులు మాత్రం నైజీరియావాళ్ళట. ఇంతకీ ఆ ఇంటిపేరు గ్రీకుదా, ఆఫ్రికాదా? దానికి అర్థమేమైనా ఉందా? ఎవరైనా చెబితే వాడికి వివరిస్తాను.

జవాబు: అమ్మా, మంచి పేరు పట్టుకొచ్చారు. అది నిఖార్సైన యోరుబా పేరు. యోరుబా అంటే నైరుతి నైజీరియాలోని ఒక జాతి, వాళ్ళ భాష. చొక్కా మీద కనిపించే రూపం మాత్రం గ్రీసు ఆఫీసుల్లో తయారైంది. అసలు పేరు అదెతొకున్బొ.

యోరుబా పేర్లలో చాలా భాగం పూర్తి వాక్యాలు. కర్త, క్రియ, ఒక్కోసారి కర్మ కూడా ఒకే మాటలో ఒదిగిపోతాయి. ఈ పేరులో 'అదె' అంటే కిరీటం. 'తి' అంటే మన 'నుంచి' లాంటిది. 'ఒకున్' అంటే సముద్రం. 'బొ' అంటే తిరిగి రావడం. వరసగా పెడితే అదె తి ఒకున్ బొ, అంటే 'కిరీటం సముద్రం నుంచి తిరిగి వచ్చింది'. ఇక్కడ సముద్రమంటే సముద్రం అవతలి దేశమని అర్థం. పరదేశంలో పుట్టి, తరవాత సొంత ఊరికి చేరిన బిడ్డకు పెట్టే పేరు ఇది.

'తి', 'ఒకున్' కలిసి 'తొకున్' ఎలా అయిందో చూడండి. ముందు మాట చివరి ఇకారం పోయి, తరవాతి మాట అచ్చు నిలబడింది. మఱి + ఏమి = మఱేమి అని మనం ఇత్వసంధి కింద చదువుకున్నదే. సంబంధం లేని రెండు భాషలు అచ్చు పక్కన అచ్చు వచ్చినప్పుడు ఒకే పని చేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

'అదె'తో మొదలయ్యే పేర్లు మొదట రాజవంశీకుల ఇళ్ళవి. యోరుబా రాజులు పూసలతో అల్లిన ఎత్తైన కిరీటం పెట్టుకుంటారు. దాని ముందువైపు పూసల జాలరు వేలాడుతూ రాజు ముఖాన్ని కప్పేస్తుంది. ఇలె-ఇఫె నగరంలో తమ మూలపురుషుడైన ఒదుదువా సంతతిగా వచ్చినవాళ్ళకే ఆ పూసల కిరీటం పెట్టుకునే హక్కు ఉందని వాళ్ళ సంప్రదాయం. కాబట్టి పేరులో 'అదె' ఉందంటే ఆ ఇంటివాళ్ళు తమ వంశాన్ని ఒక సింహాసనంతో ముడివేసి చెప్పుకుంటున్నారని అర్థం. ఇలాంటి మొదటి మాటలు ఇంకా ఉన్నాయి. ఒలా అంటే గౌరవం, సంపద. అకిన్ అంటే వీరుడు, శౌర్యం. ఒగున్ ఇనుముకు దేవత. ఇఫా జోస్యవిద్య, దాని అధిదేవత. ఒయె అంటే బిరుదు. అయొ అంటే ఆనందం. ఇనుప పనివాళ్ళు, వేటగాళ్ళు ఉన్న ఇళ్ళలో ఒగున్ పేర్లు, జోస్యం చెప్పేవాళ్ళ ఇళ్ళలో ఇఫా పేర్లు ఎక్కువ. పేరు మొదటి ముక్క చూస్తేనే ఆ ఇంట్లో ఏ వృత్తి, ఏ కొలుపు ఉండేదో సగం తెలిసిపోతుంది.

ప్రశ్న: అలాగైతే 'అ' తరవాత ఎన్, టి అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయండీ? అసలు పేరులో 'ద' ఉందంటున్నారు కదా.

జవాబు: గ్రీకు లిపి దగ్గర. నేటి గ్రీకులో 'డెల్టా' అక్షరాన్ని 'ద' అని పలకరు, ఇంగ్లీషు 'దిస్'లో వినిపించే ఊదుడు ధ్వనిగా పలుకుతారు. 'బీటా' అక్షరం 'వ' అయిపోయింది. అందుకని విదేశీ పేర్లలో 'ద' రాయాలంటే ని, తాఫ్ అనే రెండక్షరాలు జతచేస్తారు, అంటే న, త. 'బ' రాయాలంటే మి, పి జతచేస్తారు, అంటే మ, ప. 'ఉ' రాయడానికి కూడా రెండక్షరాలు కావాలి. గ్రీకువాడు ఆ జంటలను చూసి ద, బ, ఉ అనే చదువుకుంటాడు. అతని వరకు ఏ తప్పూ లేదు.

చిక్కు రెండో మజిలీలో వచ్చింది. పాస్‌పోర్టు కోసం ఆ గ్రీకు రూపాన్ని మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చారు. అందుకు గ్రీసులో ఒక నియమం ఉంది, అది ధ్వనిని చూడదు, అక్షరాన్ని చూస్తుంది. 'ద' కోసం పెట్టిన జంట ఎన్-టి అయింది. పేరు మధ్యలో 'బ' కోసం పెట్టిన జంట ఎమ్-పి అయింది. 'ఉ' కోసం పెట్టినది ఓ-యు అయింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ముందే ఉన్న ఎన్ అలాగే మిగిలింది. అలా పది అక్షరాల పేరు పదమూడు అక్షరాలైంది. ఇప్పుడు దాన్ని ఇంగ్లీషు చదువులా చదివి తెలుగులో 'ఆంటెటోకౌంపో' అని రాస్తే మూడు లిపుల పొరపాట్లను ఒకేచోట పోగుచేసినట్టు. మీ అబ్బాయి తప్పేమీ లేదమ్మా, ఆ అక్షరాలు చూస్తే ఎవరైనా అలాగే చదువుతారు.

యానిస్ 1994 డిసెంబరులో ఏథెన్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు 1991లో నైజీరియా నుంచి అక్కడికి వెళ్ళారు. గ్రీసులో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. అతనికి 2013 మేలో, పద్దెనిమిదేళ్ళు నిండాక ఇచ్చారు. ఆ తరవాతి నెలలోనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ ఎంపికలో పదిహేనో స్థానంలో మిల్వాకీ అతన్ని తీసుకుంది. 2019, 2020ల్లో లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2021లో జట్టును విజేతగా నిలిపాడు. దాంతో ఆ పాస్‌పోర్టు స్పెల్లింగే లోకమంతా స్థిరపడింది.

ఇంకో సభ్యుడు: మాస్టారూ, మా నాన్నగారు నైజీరియాలో లెక్కల టీచరుగా పనిచేశారు. అప్పట్లో మన ఆంధ్ర నుంచి, కేరళ నుంచి చాలామంది అలా వెళ్ళారు కదా. ఆయన నోట 'తొకున్బొ కారు' అన్న మాట విన్నాను. ఆ తొకున్బొ, ఈ తొకున్బొ ఒకటేనా?

జవాబు: ఒకటే బాబూ. విదేశాల్లో వాడేసి ఓడల్లో లాగోస్ రేవుకు వచ్చే సెకండ్‌హ్యాండ్ కార్లు, ఫ్రిజ్‌లు, టీవీలను నైజీరియాలో తొకున్బొ అంటారు. 'సముద్రం నుంచి తిరిగొచ్చింది' అన్న అర్థం వాటికి అతికినట్టు సరిపోయింది. యోరుబా రానివాళ్ళు కూడా ఆ మాట వాడతారు. మనుషుల్లో తొకున్బొ ఒక్కటే పిలుపు పేరుగా ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఉంటుంది. యోరుబాలో ఆయన, ఆమె అనే తేడా సర్వనామంలోనే లేదు, పేర్లలోనూ చాలావాటికి ఉండదు. ఒలాతొకున్బొ అంటే గౌరవం సముద్రం నుంచి వచ్చింది, ఒమొతొకున్బొ అంటే బిడ్డ వచ్చింది. అన్నీ ఒకే మూస.

లాగోస్‌లో విక్టోరియా ఐలాండ్ ప్రాంతంలో, రాజధాని అబుజాలో వూసే ప్రాంతంలో ఈ పేరుతో పెద్ద రోడ్లున్నాయి. సర్ అదెతొకున్బొ అదెమొలా పేరు అది. ఆయన నైజీరియా సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి నైజీరియన్, 1958 నుంచి 1972 దాకా పనిచేశారు. తండ్రి అబెఒకుతా రాజు. ఆయనకు ఇది సొంత పేరు, యానిస్‌కు ఇంటిపేరు. ఈ తేడా దగ్గరే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఉంది.

పత్రికల్లో తరచూ 'యానిస్ అంటే సముద్రం దాటొచ్చిన కిరీటం' అన్న తీరులో రాస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, నేను ఒప్పుకోను. ఇంటిపేరులోని వాక్యం అతని గురించి చెప్పింది కాదు. ఆ పేరు మొదట పెట్టించుకున్న పూర్వీకుడి గురించి చెప్పింది. యోరుబావాళ్ళకు పాత రోజుల్లో మనలాగా తరతరాలకూ నడిచే ఇంటిపేరు లేదు. మనిషికి తన పేర్లుండేవి, వంశాన్ని పొగిడే ఒరికి పద్యాలుండేవి. మిషనరీ బడులు, బ్రిటిష్ రికార్డులు వచ్చాక 'ఇంటిపేరు' అని ఒక గడి నింపాల్సి వచ్చింది. అక్కడ తండ్రి పేరో తాత పేరో రాశారు, అది అలాగే బిగిసిపోయింది. మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊరినో, వృత్తినో, ఇంటి గుర్తునో చెబుతాయి. వాళ్ళవి ఒక మనిషి పుట్టినప్పటి సంగతిని చెబుతాయి. ఆ ఇంట్లో ఎప్పుడో ఒక బిడ్డ దూరదేశంలో పుట్టి ఇంటికి చేరింది. ఇంటిపేరు దాచిపెట్టింది ఆ కబురును.

ప్రశ్న: నేను హ్యూస్టన్‌లో ఉంటానండీ. ఆఫీసులో అదె-, ఒలా-, ఒలు- పేర్లవాళ్ళు చాలామంది ఉన్నారు. యోరుబావాళ్ళను బానిసలుగా అమెరికా ఖండాలకు తీసుకెళ్ళారని చదివాను. ఈ ఇంటిపేర్లు అప్పటి నుంచి ఉన్నవేనా?

జవాబు: కావండీ. బానిసలుగా పట్టుకెళ్ళడం వేరు, తరవాత తామే వలస వెళ్ళడం వేరు. ఈ ఇంటిపేర్లు ఏ దేశంలో ఎంత కనిపిస్తాయన్నది ఆ తేడా వల్లే తేలుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో యోరుబావాళ్ళ ఒయొ సామ్రాజ్యం కూలిపోయింది. ఆ యుద్ధాల్లో పట్టుబడ్డ యోరుబావాళ్ళను లెక్కలేనంతమందిని బ్రెజిల్‌లోని బహియాకు, క్యూబాకు అమ్మేశారు. బ్రెజిల్‌లో వాళ్ళను నాగో అన్నారు, క్యూబాలో లుకుమి అన్నారు. వాళ్ళ దేవతలు, పాటలు, వంటలు అక్కడ ఈనాటికీ బతికి ఉన్నాయి. ఇంటిపేర్లు మాత్రం దాదాపు లేవు. జ్ఞానస్నానం చేయించి పోర్చుగీసు పేరో స్పానిష్ పేరో పెట్టారు, ఇంటిపేరు చాలాసార్లు యజమానిది. క్యూబాలో ఇఫా విద్యను నిలబెట్టిన పెద్దల్లో ఒకరు రెమిహియో ఎర్రేరా. కాగితాల్లో ఆయన ఎర్రేరా. తనవాళ్ళ మధ్య ఆయన అదెచినా. అదెషినా అన్న యోరుబా పేరును స్పానిష్ నోరు అలా పలికింది, ఎందుకంటే స్పానిష్‌లో 'ష' లేదు. 'కిరీటం దారి తెరిచింది' అని అర్థం. అదే పేరు ఈరోజు నైజీరియాలో మామూలు ఇంటిపేరు. 2015 నుంచి 2025 దాకా ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్న అకిన్వుమి అదెసినాది అదే ఇంటిపేరు. ఒకటే మాట ఒక తీరంలో ఇంటిపేరై పిల్లలకు దక్కింది, ఇంకో తీరంలో పూజగదికే పరిమితమైంది.

నడిసముద్రంలో బానిస ఓడలను బ్రిటిష్ నౌకలు పట్టుకుని విడిపించినవాళ్ళను సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దించేవారు. అక్కడా హవానాలోనూ గుమాస్తాలు వాళ్ళ పేర్లు అడిగి, చెవికి వినపడినట్టు దస్తరాల్లో రాసుకున్నారు. అలా తొంభై వేలకు పైగా ఆఫ్రికన్ పేర్లు దొరుకుతున్నాయి. ఆ మనుషుల నోటి నుంచి వచ్చిన సొంత పేరు చాలామంది విషయంలో అక్కడ ఒక్కచోటే మిగిలింది. ఆ జాబితాలను చదివేటప్పుడు మనసు బరువెక్కుతుంది.

అలా విడుదలైనవాళ్ళలో ఒక పిల్లవాడు అజాయి. 1821లో ఒసొగున్ అనే ఊరిమీద దాడిలో పట్టుబడ్డాడు, మరుసటి ఏడు విడుదలయ్యాడు. జ్ఞానస్నానంతో సామ్యూల్ క్రౌథర్ అయ్యాడు. అది ఒక ఇంగ్లీషు పాదిరీ పేరు. కానీ మధ్యలో 'అజాయి'ని వదల్లేదు. బోర్లా పడి పుట్టిన బిడ్డకు పెట్టే పేరది. ఆయనే తరవాత 1864లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యారు, యోరుబా పదకోశం రాశారు, బైబిలు అనువాదాన్ని నడిపించారు. ఫ్రీటౌన్ నుంచి లాగోస్‌కు తిరిగొచ్చినవాళ్ళ ఇంటిపేర్లు జాన్సన్, విలియమ్స్, కోకర్, డేవీస్. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చినవాళ్ళవి ద సిల్వా, పెరీరా, ద రోచా. ఇప్పటికీ లాగోస్‌లో ఆ పేర్లున్న యోరుబా కుటుంబాలున్నాయి. కొందరు తమ పాత పేర్లు తెచ్చుకున్నారు. డేవిడ్ బ్రౌన్ విన్సెంట్ అనే పాదిరీ 1894లో ఆ పేరు వదిలి మొజొలా అగ్బెబి అయ్యారు.

మీ ఆఫీసులో కనిపించేవాళ్ళు ఈ కథలోవాళ్ళు కారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక చదువులకు వెళ్ళినవాళ్ళు, 1980ల్లో చమురు ధర పడిపోయి నైజీరియా కష్టాల్లో పడ్డాక వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వీళ్ళు పాస్‌పోర్టులతో వెళ్ళారు, కాబట్టి ఇంటిపేర్లూ వెంట వెళ్ళాయి. లండన్‌లో, హ్యూస్టన్‌లో, డబ్లిన్‌లో, టొరంటోలో వినిపిస్తున్నది ఈ వలస. హకీమ్ ఒలాజువొన్ లాగోస్‌లో పుట్టి, చదువు కోసం మీ ఊరికే వచ్చాడు. 1994, 1995ల్లో బాస్కెట్‌బాల్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్‌ను గెలిపించింది ఆయనే. బ్రిటన్‌లో కన్జర్వేటివ్ పార్టీకి 2024 నవంబరులో నాయకురాలైన కెమి బేడ్‌నాక్ పుట్టింటిపేరు అదెగొకె, 'కిరీటం కొండెక్కింది'. నటుడు జాన్ బొయెగా పూర్తి ఇంటిపేరు అదెగ్బొయెగా. తెరమీద ముందున్న కిరీటాన్ని వదిలేశాడు.

సొంత నేల మాటకొస్తే, నైరుతి నైజీరియాలోని లాగోస్, ఒగున్, ఒయొ, ఒసున్, ఒందొ, ఎకితి రాష్ట్రాలు ఈ పేర్లకు పుట్టిల్లు. క్వారా, కొగి రాష్ట్రాల్లో కొంత భాగం. పక్కనున్న బెనిన్ దేశంలో కేతు, పోర్టో-నోవో ప్రాంతాల్లో కూడా యోరుబావాళ్ళున్నారు. అక్కడ ఏలింది ఫ్రాన్స్ కాబట్టి ఉకారానికి రెండక్షరాలు, షకారానికి సి-హెచ్ వాడతారు. సరిహద్దు దాటగానే ఒకే ఇంటిపేరు వేరే పేరులా కనిపిస్తుంది.

అలాగని యోరుబావాళ్ళ ఇంటిపేర్లన్నీ యోరుబా మాటలే అనుకోవద్దు. ముస్లింలు చాలామంది. మొమొదు అంటే ముహమ్మద్, లామిది అంటే హమీద్.

ఇంకో సభ్యురాలు: పిల్లలు దక్కని ఇళ్ళలో మనకు పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య లాంటి పేర్లున్నాయి కదండీ. వాళ్ళకూ అలాంటివి ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి తల్లీ, గుండె పట్టేసే పేర్లు. పుట్టి పుట్టి చనిపోయే బిడ్డను అబికు అంటారు, ఒకే ప్రాణం మళ్ళీమళ్ళీ వచ్చిపోతుందని నమ్మకం. మనవాళ్ళు బిడ్డను పెంటమీద దొర్లించి, తవుడుకు అమ్మి, వీడికి విలువలేదని మృత్యువుకు చెప్పారు. వాళ్ళు బిడ్డతోనే నేరుగా మాట్లాడారు. మాలొమొ అంటే 'ఇక వెళ్ళకు'. దురొజాయె అంటే 'ఉండు, బతుకు అనుభవించు'. కొసొకొ అంటే 'గునపం లేదు', అంటే నీకు గొయ్యి తవ్వడానికి ఇంట్లో పనిముట్టు లేదు, కాబట్టి చచ్చిపోకు అని. అలాంటి పేరుతో రాజైనవాడూ ఉన్నాడు. 1845 నుంచి 1851 దాకా లాగోస్‌ను ఏలిన రాజు పేరు కొసొకొ. ఇప్పుడది ఇంటిపేరు కూడా.

గునపమని నేనన్నది చేతితో తవ్వే పొట్టి పార లాంటిది, 'ఒకొ'. ఆ ఒకొ అన్న రెండక్షరాలనే వేర్వేరు స్వరాల్లో పలికితే భర్త, బల్లెం, బండి అవుతాయి. యోరుబాకు మూడు స్థాయిలున్నాయి: పై స్వరం, మధ్య స్వరం, కింది స్వరం. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కోసం యజ్ఞం చేసిన త్వష్ట 'ఇంద్రశత్రు' శబ్దంలో స్వరం తప్పి పలికితే, అర్థం తిరగబడి ఆ కొడుకు వృత్రుడే చచ్చాడని మన వేదకథ. యోరుబావాళ్ళకు అది రోజూ నోటితో చేసే పని. ఒకున్ మొదటి అక్షరాన్ని కిందికి దించితే సముద్రం, రెండోదాన్ని దించితే తాడు, రెండూ మధ్యలో ఉంటే బలం. లాగోస్‌లో 1875లో మిషనరీలు కూర్చుని అక్షరాల కింద చుక్కలతో ఒక రాత పద్ధతి ఖాయం చేశారు. పాస్‌పోర్టుల మీద ఆ చుక్కలూ ఉండవు, స్వరాల గుర్తులూ ఉండవు.

ప్రశ్న: చివరిగా ఒకటి మాస్టారూ. తెలుగు వికీలోనో, పత్రికలోనో ఈ పేరు ఎలా రాయమంటారు?

జవాబు: త, ద వాడండి, ట, డ వద్దు. యోరుబా త, ద మన దంత్యాలకు దగ్గర. దీర్ఘాలు అవసరం లేదు, అచ్చుల పొడవుతో అక్కడ అర్థం మారదు. మారేది నోరు ఎంత తెరుచుకున్నదాన్ని బట్టి. మనం 'మేడి' అన్నప్పటి ఏకారం కంటే 'మేడ' అన్నప్పటి ఏకారంలో నోరు కాస్త ఎక్కువ తెరుస్తాం, గమనించండి. మనకది లెక్కలోకి రాదు, వాళ్ళకు అవి రెండు వేరే అక్షరాలు. 'బొ'లో ఉన్నది ఆ తెరిచిన ఒకారమే. గ్బ అన్నది మన లిపిలో సంయుక్తాక్షరంలా కనిపించినా వాళ్ళకు ఒకే హల్లు, పెదవులూ గొంతూ ఒక్కసారే విడవాలి.

ఇక 'కున్'లో ఉన్న న. అది నిజానికి హల్లు కాదు, ఉకారాన్ని ముక్కుతో పలకమని చెప్పే గుర్తు. ఇంగ్లీషు అక్షరాల్లో దానికి వేరే దారిలేక ఎన్ పెట్టారు, గ్రీకువాళ్ళు ఆ ఎన్‌ను హల్లుగానే తీసుకున్నారు. మనకు దానికి తగిన అక్షరం ఉంది, వాడటం మానేశాం: అరసున్న. పాత పుస్తకాల్లో వాఁడు, వీఁడు అని చూస్తామే, అది ఒకప్పుడు ముక్కుతో పలికిన అచ్చుకే గుర్తు. పత్రికలో అదెతొకున్బొ అని రాస్తే చాలు. నిఘంటువులోనో వికీ వ్యాసం మొదటి వాక్యంలోనో అయితే నేను 'అదెతొకుఁబొ' అని రాస్తాను, పక్కనే పాస్‌పోర్టు రూపం కూడా ఇస్తాను, వెతికేవాళ్ళకు దొరకాలి కాబట్టి.